గవర్రాజు బ్యాటును కూడా కోయించుట గురించి

జిల్లా క్రీడల అధికారి గారి సముఖమునకు, విశాఖపట్నం.
జాలరిపేటలో ఫైబరు తెప్పలు బాగుచేసుకునే గరికిన కన్నబాబు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: బాలికల సాఫ్ట్‌బాల్ పోటీలలో మా అమ్మాయి బ్యాటును కోసినట్లే కోచ్ గవర్రాజు జట్టు బ్యాటును కూడా కోయించుట గురించి.

1. మా అమ్మాయి ఈశ్వరి కాంపోజిట్ బ్యాటుకు, అంటే లోపల బోలుగా ఉండే ఫైబరు బ్యాటుకు, సన్నని పగులు వచ్చింది. తెప్పకు వేసినట్లే ఫైబరు గుడ్డ చుట్టి, రెజిన్ జిగురు పూసి, నున్నగా సానపట్టి ఇచ్చాను. పగిలిన బ్యాటుకు అతుకు వేయరాదన్న నిబంధన నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదని పోటీల కమిటీ వారు అన్నారు. ఒప్పుకున్నాను.

2. సెమీఫైనల్ మధ్యలో ఎదుటి జట్టు కోచ్ గవర్రాజు ఫిర్యాదు చేయగా కమిటీ కార్యదర్శి తిరుమలరావు గారు సదరు బ్యాటును మైదానంలోనే రెండు ముక్కలుగా కోయించి, ఈశ్వరిని ఏడాదిపాటు నిషేధించారు. వచ్చే నెల రాష్ట్ర జట్టు ఎంపికలు. కోస్తున్నంతసేపూ గవర్రాజు, "ఏటి బావా, తెప్పనుకున్నావేటి? ఇంజనొకటి బిగించీసుంటే పోయేది కదా!" అని కేకలు వేశాడు. అందరూ నవ్వారు. మా జట్టు పిల్లలు కూడా నవ్వారు.

3. అదే గవర్రాజు పోటీల ముందు వారం మా షెడ్డుకు వచ్చి, "బ్యాటు మూతూడిపోనాది బావా, అతికించాల. కాసింత రెజినియ్యి" అన్నాడు. కొస మూత లేని బ్యాటు అతని చేతిలోనే ఉంది. లోపలి గోడంతా గోకిన గీతలు. ఎందుకని అడగలేదు. ఈశ్వరి బ్యాటుకు పూసిన డబ్బాలోదే పోసి ఇచ్చాను. టీ కూడా తాగి వెళ్లాడు. లోపల గోకి పలచన చేస్తే బంతి జోరుగా పోతుందని, మూత విప్పడమే నేరమని తరువాత ఈశ్వరి చెప్పింది. అతుకు గురించి కమిటీ వారు నాకు చూపించిన నిబంధనల కాగితంలో ఆ కింది వాక్యం అదే.

4. ఈ సంగతి సెమీఫైనల్ రోజే తిరుమలరావు గారికి చెప్పాను. వారు గవర్రాజు బ్యాటును అరచేతిలో తట్టి చూసి, "ఆమోద ముద్ర ఉంది కదయ్యా, ఇంకేటి నీ గోల? తెప్పల పని సూసుకో" అన్నారు. ఆ బ్యాటుతోనే వాళ్లు ఫైనల్ గెలిచారు.

5. కావున సదరు బ్యాటును అదే మైదానంలో, ఆనాడు నవ్విన వారందరినీ పిలిపించి, గవర్రాజును ముందు నిలబెట్టి కోయించవలెను. రెజిన్ ఇచ్చుట నేరమైతే నన్ను కూడా శిక్షించవలెను. రంపం లేదని వాయిదా వేయనక్కరలేదు. నాది తెచ్చుకుంటాను.

ఈ అర్జీని తమరు స్వయంగా చిత్తగించవలెను. తిరుమలరావు గారికి పంపి ఊరుకోరాదు.

తమ విధేయుడు,
గరికిన కన్నబాబు

మరొక మనవి: ఇది చదివి ఈశ్వరి, "ఇంత రాసినావు గానీ నాన్నా, నా మీద నిసేదం తీసీమని ఎక్కడా రాయనేదేటి?" అని అడిగింది. నిజమే, రాయలేదు. తమరు అది కూడా పరిశీలించగలరు. ముందు మాత్రం బ్యాటు కోయించండి.