ఫారంలో రాష్ట్రం పేరు

శనివారం, రాత్రి

ఆధార్ కోసం అమ్మ ఈరోజు లింగంపల్లి క్యాంపులో నాలుగు గంటలు వరుసలో నిలబడింది. ఆమె ఊడ్చే ఐటీ ఆఫీసులో సోమవారం నుంచి గేటు మిషన్ మీద వేలు పెడితేనే లోపలికి రానిస్తారట. ఆధార్ రసీదు లేనిదే అందులో పేరు ఎక్కించరట.

ఫారం నింపింది నేనే. రాష్ట్రం దగ్గర తెలంగాణ అని రాశాను.

కంప్యూటర్ ముందున్నతను ఓపికగానే చెప్పాడు. "తమ్ముడూ, నాది గూడ వరంగలే. మన రాష్ట్రం ఇంకా రాలే, ఈ కంప్యూటర్ల ఆ పేరు లేదు. ఆంధ్రప్రదేశ్ అని పెట్టాలె."

"ఆ పేరుతోని మాకు కార్డే వద్దు, అన్నా" అని ఫారం లాక్కుని చింపేశాను. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

గోపన్‌పల్లి వచ్చేశాం. ఇంట్లోకొచ్చాక అమ్మ అంది, "కరపత్రాలు చదివింది నువ్వు బిడ్డా. పని పోయేది నాది."

నేను చదివిన ఏ తెలంగాణ ఉద్యమ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. ఆంధ్రప్రదేశ్ అని రాస్తే ఓడిపోయినట్టేనా? రాయకపోతే సోమవారం గేటు బయట నిలబడేది నేను కాదు కదా...

రేపు కూడా క్యాంపు ఉంది. వాళ్లడిగిన పేరే రాస్తానని చెబుదామని లేచి వెళ్లాను. అమ్మ అప్పటికే పక్కింటి యాదమ్మక్కతో కొత్త ఫారం రాయించుకుంటోంది.

"రేపు నువ్వు రాకు" అంది, నావైపు చూడకుండా.