ఫోటో తీసినవాడు

సీతాఫల్‌మండి, సికింద్రాబాద్
జూన్ 8, 2008

నా మేబెల్ అక్కకి,

నీ మోకాలు ఎలా ఉందో అడక్కుండానే మొదలుపెడుతున్నాను, ఏమనుకోకు. కోపంలో ఉన్నాను. ఫోన్ చేయొచ్చు కదే అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నా కోపం సగంలోనే చల్లారిపోతుంది. ఈసారి దాన్ని చల్లారనివ్వదలచుకోలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

సైలస్‌కి వాళ్ళ ఊరు కిసుములో, ఫార్మసీ కాలేజీలో ఉద్యోగం వచ్చిందని చెప్పాను కదా. సెప్టెంబరులో చేరాలి. నేనూ డోరా కూడా వెళ్తున్నాం, చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికే. ఉస్మానియాలో చదువుకోవడానికి కెన్యా నుంచి వచ్చినవాడు నా కోసం ఇక్కడే ఉండిపోయాడు. ఏటా ఫైలు పట్టుకుని, ఇంకొక ఏడాది ఉండనివ్వండి అని అడుగుతూ వచ్చాడు. ఇప్పుడు అలా అడిగే వంతు నాది. న్యాయమే. న్యాయం చేయబోతే ఇంత భయం వేస్తుందని మాత్రం అనుకోలేదు.

మా వీసా కాగితాలు చూసే నరసరాజు గారని ఒకాయన ఉన్నాడు. సైలస్ ఒచియెంగ్, దేవకృప అని పేర్లున్న పెళ్ళి సర్టిఫికెట్టు తిప్పి తిప్పి చూసి, "ఇది ఓకే మేడమ్. రెండు వైపుల ఫ్యామిలీతో సార్ కలిసి దిగిన ఫోటోలు పెట్టండి. పెళ్ళి నిజమని నమ్మాలి కదా," అన్నాడు.

"పద్నాలుగేళ్ళ కూతురుందండీ. అది చాలదా?"

"పాపను చూస్తే నేను నమ్ముతా మేడమ్. నమ్మాల్సింది ఫైలు."

అది ఆ దేశపు రూలో, ఈయన ముందు జాగ్రత్తో నాకు తెలియదు. సరే కదా అని ఇంటికొచ్చి ఆల్బమ్‌లన్నీ కిందికి దించాను. వాళ్ళ వైపువి బోలెడు. మేం కిసుము వెళ్ళింది ఒక్కసారే. అయినా ప్రతి ఫోటోలో నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఒకదాంట్లో మా అత్తగారు నా గాజులు తను వేసుకుని, తన పూసలు నా మెడలో వేసి పకపకా నవ్వుతోంది. ఇక మన వైపు చూద్దామని కూర్చుంటే, అక్కా, ఒక్కటంటే ఒక్కటి లేదు.

పెళ్ళి ఫోటోలు ఎలాగూ లేవు. గుడిలో పెళ్ళికి అన్నయ్య ఒప్పుకోకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చాం. మరి ఆ తరవాత? ప్రతి క్రిస్మస్‌కీ ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద అందరం నిలబడతాం. నిలబడగానే అన్నయ్య కెమెరా తీసి సైలస్ చేతిలో పెడతాడు. "నువ్వే తియ్యి భాయ్. నువ్వు తీస్తే తలలు తెగవు." చెల్లెలి మొగుణ్ణి బావా అని పిలవడానికి ఆయనకి ఒక్కసారి కూడా నోరు రాలేదు, భాయ్ మాత్రం భలే వస్తుంది. పిల్లల బాప్తిస్మాలు, కొత్త ఇల్లు, నీ కూతురి ఓణీ ఫంక్షను, అన్నీ సైలస్ తీసినవే. అన్నింటిలో డోరా ఉంది. దాని తండ్రి ఎక్కడా లేడు. ఆ ఆల్బమ్‌లు చూస్తే పిల్ల ఆకాశం నుంచి ఊడిపడిందనుకుంటారు.

నా సంగతి నీకు తెలుసు కదా, కోపం వచ్చిన వెనకే అనుమానం కూడా వస్తుంది. అతనికి ఫోటోలు తీయడం నిజంగానే ఇష్టమేమో, నేనే లేనిపోనిది ఊహిస్తున్నానేమో అనుకుని అతన్నే అడిగాను. బట్టలు మడతపెడుతూ, "ఇష్టమే. పదహారేండ్ల సంది ఇష్టమే," అన్నాడు. తలెత్తలేదు.

ఒక్కటి మాత్రం ఉండి తీరాలి. అమ్మను పెట్టెలో పడుకోబెట్టాక, మూత వేసే ముందు మనవాళ్ళు చుట్టూ నిలబడి దిగుతారే, ఆ ఫోటో. ఆ రోజు రెజిమెంటల్ బజార్ నుంచి స్టూడియో బిక్షం వచ్చాడు కాబట్టి సైలస్ చేతిలో కెమెరా లేదు. నా పక్కనే నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజుది నాకు ఇంకేమీ గుర్తు లేదు, ఆ చెయ్యి బరువు ఒక్కటే గుర్తుంది. పెట్టెలో అమ్మను మళ్ళీ చూడలేనని నేను ఫోటో వద్దన్నాను. గుంటూరులో నీ దగ్గర ఉంది. పంపు అక్కా. మన వైపు నాకు నువ్వు తప్ప అడగడానికి ఎవరున్నారు?

నీ చిన్నదాన్ని,
కృప


సీతాఫల్‌మండి
జూన్ 21

అక్కా,

ఫోటో అందింది. "నా దగ్గరున్నది ఇదే" అని వెనక రాశావు. కవరు చించి ఫోటోను కాసేపు బోర్లానే ఉంచాను, అమ్మ మొహం చూడాలి కదా అని. కానీ నేను ముందు చూసింది అమ్మను కాదు.

నా భుజం మీద చెయ్యి ఉంది. నల్లటి చెయ్యి, మణికట్టుకి గడియారం. ఆ గడియారం దగ్గర ఫోటో అయిపోయింది. మనిషి లేడు! ఎవరో శుభ్రంగా, తిన్నగా కోసేశారు. చెయ్యి కూడా తీసేయాలంటే నన్ను కోయాలి కాబట్టి దాన్ని వదిలేశారు.

డోరా చూసి, "ఇది నాన్న వాచీ కదా," అంది. సైలస్ ఫోటో చేతిలోకి తీసుకుని, నవ్వుతూ, "ఏందీ, నా చెయ్యి ఒక్కదానికే వీసా ఇస్తరా? అయితే నాకంటే ముందుగాల అదే పోతది," అన్నాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. తరవాత వంటింట్లోకి వెళ్ళాడు. కుక్కరు కూతల మీద కూతలు వేస్తున్నా స్టవ్ కట్టేయలేదు. నేను వెళ్ళి చూస్తే కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

నేను వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో అననివన్నీ అనేశాను. నువ్వు గుళ్ళో పెద్దవి, చందా పళ్ళెం పట్టుకుని తిరుగుతావు, అమ్మ శవం దగ్గర కూడా నీ కత్తెర ఆగలేదా అన్నాను. ఎదురు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఫోటోలు కడిగించి పంచింది నేనే. తిట్టుకో," అని పెట్టేశాడు. ఎంత పొగరు!

మొన్న నువ్వు ఫోన్‌లో, "పోయిన అమ్మ ఫోటో మీద గొడవెందుకే, వదిలెయ్యి" అన్నావు. వదలను. నీకేం, నువ్వు అందులో లేనే లేవు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి లోపల పడుకుని ఉంటావు.

నీకు ఒక మాట చెప్పాలి. నేను కెన్యాకి వెళ్తున్నది సైలస్ మీది ప్రేమతోనా, మీ అందరి మీది కోపంతోనా అని రెండు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. కోపంతో అయితే, అది తీరిపోయాక కిసుములో ఆ సరస్సు ఒడ్డున, భాష రాని బజారులో నిలబడి ఏం చేస్తాను? ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఫిలాసఫీ చెబుతున్నాను కానీ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరకడం లేదు. ఉద్యోగానికి రాజీనామా రాసి, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇవ్వలేదు. అతనేమో, "నీకు మనసు లేకుంటే నేను ఒక్కణ్ణే పోతా, జెర సెటిల్ అయినంక చూద్దం, పరేషాన్ కాకు," అంటున్నాడు. ఒక్కణ్ణే పంపిస్తే అతన్ని అందరికంటే శుభ్రంగా కోసేసినదాన్ని నేనే అవుతాను.

రేపు బిక్షం స్టూడియోకి వెళ్తున్నాను. నెగెటివ్ ఉంటే అసలు ఫోటో కడిగిస్తాను. అన్నయ్య ఇంటి ముందు గోడకి అతికిస్తాను.

కృప


సికింద్రాబాద్
జూన్ 23

మేబెల్ అక్కకి,

ముందు 'నా' అని రాయడానికి చెయ్యి రాక పేరుతో సరిపెట్టాను.

స్టూడియోలోకి వెళ్తూనే బిక్షం మీద అరిచాను. మా అన్నయ్య చెబితే మాత్రం, చచ్చిపోయిన మనిషి ఫోటో ఎలా కోశావయ్యా అన్నాను. కౌంటరు మీద పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్నవాడు చెయ్యి ఆపాడు.

"అన్న గాదమ్మా. గుంటూరు అక్క వచ్చింది గదా, ఆమె చెప్పింది. 'ఈ పక్క తీసెయ్ బాబూ' అన్నది. నేను చెప్పిన గూడ, 'గట్ల కోస్తే మీరు సుత పోతరమ్మా' అని."

"మీరు సుత అంటే?"

"ఆమె గూడ గా పక్కనే ఉన్నది గదమ్మా. 'పోతే పోనీ' అన్నది."

చావు ఫోటోల నెగెటివ్‌లు పారేయడట, ఎప్పటికైనా ఎవరో ఒకరు వస్తారని. అక్కడే కూర్చుని కడిగించాను. ఇప్పుడు నా ముందుంది. కుడి పక్కన సైలస్. ఒక చెయ్యి నా భుజం మీద. రెండో చెయ్యి నీ చుట్టూ ఉంది అక్కా. నువ్వు అతని గుండె మీద తల పెట్టి ఏడుస్తున్నావు. నీ గుప్పిట్లో అతని చొక్కా. అతను పట్టుకోకపోతే నువ్వు అమ్మ పెట్టె మీద పడిపోయేదానివి. అతన్ని తీసేయడానికి నిన్ను నువ్వు తీసేసుకున్నావు. అమ్మ ఆఖరి ఫోటోలో పెద్ద కూతురు లేకపోయినా ఫరవాలేదు, పోతే పోనీ!

ఎందుకో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ నెలలోనే నీ కూతురి సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్ళివారు వస్తారు, గోడ మీద ఫోటో చూస్తారు, ఈయనెవరు అంటారు. మా మరిది అని చెప్పడానికి నీకు నోరు రాదు. అన్నయ్య నా పెళ్ళికి రానన్నప్పుడు మొహం మీదే అన్నాడు. నువ్వు అలా కాదు. నువ్వు నన్ను కావలించుకున్నావు, డోరా పుట్టినప్పుడు ఉయ్యాల పంపావు. నేను ఇన్నాళ్ళూ తల పెట్టుకుని ఏడ్చింది నీ ఒళ్ళోనే.

అన్నయ్యకి మళ్ళీ ఫోన్ చేశాను. "నీకు తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అంటే, "నన్ను తిడితే నాకేం కాదే. అక్క తట్టుకోలేదు," అన్నాడు. క్షమించమని అడిగాను. అంతమాత్రాన ఆయన మహాత్ముడు కాలేదులే. ప్రతి క్రిస్మస్‌కీ ఆ కెమెరా అందించింది ఆయనే.

సైలస్ పూర్తి ఫోటో చూశాడు. "గా దినం వదిన మస్తు ఏడ్చింది. నా అంగి మొత్తం తడిసింది," అన్నాడు. ఫోటో నాకు తిరిగిచ్చి, "ఆమెను ఏం అనకు," అన్నాడు. అతను అనడు. అనకుండానే ఇన్నేళ్ళు గడిపాడు. అందుకే నేను అంటున్నాను.

నా ప్రశ్నకి జవాబు మాత్రం ఆ స్టూడియో బల్ల మీదే దొరికింది. నీ మీద కోపం తగ్గలేదు, ఇప్పట్లో తగ్గదు కూడా. కానీ నేను వెళ్తున్నది కోపంతో కాదు. ఆ రోజు మనిద్దరం పడిపోకుండా నిలబడ్డామంటే ఎవరి వల్లో ఫోటోలో కనిపిస్తూనే ఉంది. ఆ మనిషి ఎక్కడుంటే నేనూ అక్కడే ఉంటాను. ఈ ఉదయం రాజీనామా ఇచ్చేశాను.

ఫోటో నరసరాజు గారికి ఇచ్చాను. కళ్ళజోడు పైకి జరుపుకుని చూశాడు.

"సార్‌ని పట్టుకుని ఏడుస్తున్న ఆవిడెవరు మేడమ్?"

"మా అక్క. సొంత అక్క."

"ఇంక వేరేవి వద్దు మేడమ్. దీనికి మించిన రుజువేముంది?" అని ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాడు.

నీకూ ఒక కాపీ పంపుతున్నాను. గోడకి పెట్టుకుంటావో, మళ్ళీ కోయిస్తావో నీ ఇష్టం. వీసా వస్తే ఆగస్టు ఆఖరున బయలుదేరుతాం, వెళ్ళే ముందు అందరం ఒక ఫోటో దిగుతాం. రమ్మని బతిమాలను, రావద్దనీ అనను. వస్తే మాత్రం ఆ ఫోటోలో ఎక్కడ నిలబడ్డావో అక్కడే నిలబడాలి.

ఈసారి తీసేది అన్నయ్య.

దేవకృప ఒచియెంగ్