ఏడికి అని అడగొద్దు

జనవరి 12, శుక్రవారం

కొత్త డైరీ. స్పేర్ పార్టుల కంపెనీ వాళ్లు గ్యారేజీకి ఇచ్చారట. మా ఆయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏం రాయాలె అంటే నీ ఇష్టం, తోచనప్పుడు రాస్కో అన్నాడు. ఏడో తరగతిలో బడి మానేశాక, బీడీల కార్ఖానాలో సంతకం తప్ప నేను రాసిందేమీ లేదు.

ఈ గల్ఫ్ దేశానికి వచ్చి నెల దాటింది. సల్మాబాద్‌లో ఎటు చూసినా గ్యారేజీలే. మా గది కూడా గ్యారేజీ వెనకే. నా విజిట్ వీసా ఉన్నన్నాళ్లు ఇద్దరూ ఇక్కడే ఉండండని కఫీల్ ఇచ్చాడు, ఆయనకు వీసా ఇచ్చిన గ్యారేజీ సేటు. అంతకుముందు మా ఆయన పనివాళ్ల క్యాంపులో ఉండేవాడు. కిటికీ తెరిస్తే డీజిల్ వాసన. మూస్తే మా ఇద్దరి వాసన. నాకు రెండూ బాగానే ఉన్నాయి.

పెళ్లయి నాలుగేళ్లు. సెలవులో వచ్చి పోవడమే తప్ప, ఇన్నాళ్లు ఒక్కచోట ఉండడం ఇదే మొదలు.

జనవరి 15, సోమవారం

ఈ రోజు గ్యారేజీకి ఒక ఇల్లు వచ్చింది.

నిజంగా ఇల్లే. పెద్ద వ్యాను. లోపల పొయ్యి, మంచం, కిటికీలకు పూల తెరలు. గేర్‌బాక్సు పోయిందట, ఒక లారీ లాక్కొచ్చింది. అందులోంచి ఇద్దరు ముసలి తెల్లవాళ్లు దిగారు. హాలండ్ వాళ్లట. ఆమె పేరు అన్నెకె, ఆయన పేరు విమ్. ఇంటి నుంచి రోడ్డు మీదనే వచ్చారు. తుర్కీ, ఇరాక్, కువైట్, సౌదీ, అక్కడి నుంచి సముద్రం మీది బ్రిడ్జి దాటి ఇక్కడికి. ఇంకా దుబాయి దాకా పోయి, బండిని ఓడ ఎక్కించి, ముంబైలో దింపి, నేపాల్ దాకా పోతారట.

లచ్చన్న కాక చూసి నవ్వాడు. కాకది మా పక్కూరే, ఇక్కడ డెంటింగు, పెయింటింగు చేస్తాడు. వీళ్లు ఇల్లు అమ్ముకోని బండి కొన్నరట బిడ్డా, మనమేమో బండ్లు బాగుజేసి ఇండ్లు కట్టుకుంటం, ఇద్దర్ల ఎవలకు పిచ్చి అన్నాడు.

జనవరి 18, గురువారం

అన్నెకె నన్ను వ్యాను లోపలికి పిలిచింది. సిగ్గేసింది. రెండుసార్లు తల అడ్డంగా ఊపి, మూడోసారి వెళ్లాను.

ఆమె ఫోనులో మాట్లాడితే అది తెలుగులో చెబుతుంది. పంతుళ్లు కూడా మాట్లాడని తెలుగు. మీ యొక్క భర్తగారి నామధేయమేమిటి అని అడిగింది. నేను ఆయన పేరు ఎట్లా చెప్తాను? నవ్వి ఊరుకున్నాను. ఆమె మళ్లీ అడిగింది. బయటికి తీసుకొచ్చి, ఆయన చొక్కా జేబు మీద కుట్టిన ఇంగ్లీషు అక్షరాలు చూపించాను. ఆమె చదివింది. పరశురాం అని అరిచి పిలిచింది కూడా. ఆయన బండి కిందినుంచి తల బయటపెట్టాడు. నా చెవులు వేడెక్కాయి. ఆ పేరు ఒక ఆడమనిషి నోట అంత గట్టిగా వినడం మా అత్త తర్వాత ఇదే.

వ్యాను తలుపు మీద పెద్ద మ్యాపు గీసి ఉంది. వచ్చిన దారి అంతా ఎర్రగీత. గోళ్ల రంగుతో గీస్తుందట, దేశం దాటినప్పుడల్లా అంత. గీత కువైట్ దగ్గరే ఆగిపోయింది. సౌదీ లేదు, మేమున్న చోటు లేదు. మరిచిపోయిందేమో అనుకున్నాను.

జనవరి 19

పార్టు జర్మనీ నుంచి రావాలట. అంతదాకా వాళ్ల ఇల్లు మా వాకిట్లో.

జనవరి 26, శుక్రవారం

జొన్నరొట్టెలు, వంకాయ కూర చేసి వాళ్లకూ పెట్టాను. విమ్ కారానికి కళ్లు తుడుచుకుంటూనే మూడు రొట్టెలు తిన్నాడు. తర్వాత సిగరెట్టు చుట్టుకున్నాడు. పొగాకు సంచి, కాగితాలు ఆయనే పెట్టుకుంటాడు. సగం పొగాకు ఒళ్లోనే రాలింది. నా వేళ్లు జివ్వుమన్నాయి. నాకివ్వండి, చుట్టిస్తాను అనాలనిపించింది. అనలేదు.

రెండేళ్ల నుంచి ఆ ఇద్దరూ చెయ్యి చాపితే తగిలేంత దూరంలో బతుకుతున్నారు. మొదట్లో అది చూసి నాకు కుళ్లుగా ఉండేది. ఇప్పుడు ఇంకొకటి గమనించాను. వాళ్లు మాట్లాడుకోరు. ఆమె కప్పు పెడుతుంది, ఆయన తాగుతాడు. ఆయన మ్యాపు తెరుస్తాడు, ఆమె కిటికీలోంచి చూస్తుంది. కోపం కాదు. గొడవా లేదు. మాటలు ఎక్కడో దింపేసి వచ్చినట్టు.

మేమూ అంతే కదా అని రాయబోయాను. మేము ఫోనులో చాలా మాట్లాడేవాళ్లం. తిన్నవా, తిన్న. పండుకున్నవా, పండుకుంట.

జనవరి 31, బుధవారం

మా ఆయన అగ్రిమెంటు అయిపోవచ్చింది. ఇదే ఆఖరు, మళ్ల పోను అని పోయిన సెలవులో ఊళ్లో అన్నాడు. ఆ మాటను నేను ఇన్నాళ్లు పట్టుకుని ఉన్నాను. నా టికెట్టు ఫిబ్రవరి 20కి ఉంది. ఇద్దరం కలిసి పోతామనే అనుకున్నాను.

ఈ రోజు వచ్చి, కఫీల్ మళ్లీ రెండేళ్లు ఉండమంటున్నాడని చెప్పాడు. నీ అసొంటి చెయ్యి సల్మాబాద్ మొత్తంల లేదన్నడు అని చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. 18న ఆఫీసుకు పోయి కొత్త అగ్రిమెంటుకు వేలిముద్ర వేస్తాడట. మంచిదే గదా అన్నాడు.

మంచిదే అన్నాను.

మా ఊరి దగ్గర మెట్‌పల్లి రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు. ముందు రెండు ట్రాక్టర్లు. లోపల ఆయన. ఇది నేను చాలాసార్లు చూశాను, కళ్లు మూసుకుని బీడీలు చుడుతున్నప్పుడు. ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

పార్టు పోయిన వారమే వచ్చింది. మా ఆయన శుక్రవారం సెలవు రోజు కూడా ఆగకుండా పని చేసి బిగించాడు. ఈ రోజు నడిపి చూద్దామని విమ్, ఆయన బండెక్కారు. నేను చాయ గ్లాసులు తీసుకుని వస్తూ, నోరు జారి, ఏడికి అని అడిగాను.

లచ్చన్న కాక నెత్తి కొట్టుకున్నాడు. అయ్యో బిడ్డా, బయలెల్లేటోళ్లను ఏడికి అంటరా, దూరమా అనాలె గని అన్నాడు. నాకు తెలియదా? చిన్నప్పటి నుంచి తెలుసు. మా అమ్మ ఒకసారి ఇట్లా అడిగినందుకు మా నాయన బస్సు వదులుకుని ఇంట్లో కూర్చున్నాడు. తెలిసీ ఎట్లా అడిగానో. దిగండి, కూసోని ఇన్ని నీళ్లు తాగి పోండి అని కాక బతిమాలాడు. విమ్ నవ్వి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

హమద్ టౌన్ రోడ్డులో క్లచ్ పైపు ఊడిపోయింది. మళ్లీ లారీ లాక్కొచ్చింది. కాక తిడితే బాగుండేది. ఊరికే చూశాడు. అది ఇంకా ఘోరం.

అన్నెకె ఏమైందని అడిగితే ఫోనుకు చెప్పాను. బయలుదేరేవాళ్లను ఎక్కడికి అని అడిగితే ప్రయాణం ఆగిపోతుంది, అడిగితే వెనక్కి వచ్చి కూర్చోవాలి, నీళ్లు తాగాలి, అప్పుడు పోవచ్చు అని. ఆమె కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నిజంగా ఆగుతుందా అని అడిగింది. ఆ మాట మా భాషలో ఎట్లా అనాలో నేర్పమంది. ఏడికి, ఏడికి అని అనుకుంటూ వ్యానులోకి పోయింది.

ఫిబ్రవరి 7, బుధవారం

మధ్యాహ్నం అన్నెకె మా గదికి వచ్చి తలుపు వేసింది. ఫోను ఇట్లా చెప్పింది: ఈ వాహనము మరమ్మతు కానేరదని తెలియజేయవలసిందిగా మీ భర్తగారికి దయచేసి విన్నవించండి.

నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

ఆమెకు ఒక్కతే కూతురు. మొన్న చలికాలం మొదట్లో కూతురికి బిడ్డ పుట్టింది. ఫోనులోనే చూసింది. ఇంటికి పోదామని తుర్కీలో ఒకసారి విమ్‌తో అన్నదట. ఇండియా చూసి పోదాం అన్నాడట. మళ్లీ అడగలేదు. రోజూ పొద్దున మంచం మడిచి కుర్చీ చేయడం, రాత్రి కుర్చీ విప్పి మంచం చేయడం, ఇంక చేతకాదట. బండి ఇక్కడే చెడిపోతే ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు, విమానం ఎక్కి పోవచ్చు అంది.

అన్నం తినేటప్పుడు మా ఆయనకు చెప్పాను. కోపం రాలేదు ఆయనకు. నా చేతికిందికొచ్చిన బండిని పాడైందని నేనెట్ల అంట, ఆమెకు నోరున్నది గదా, ఆమెనే చెప్పుమను అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను చూసి, నీకేమన్న చెప్పేదున్నదా అని అడిగాడు.

పెరుగు అయిపోయింది తేవాలె అన్నాను.

ఫిబ్రవరి 8

నాకూ నోరుంది. పెరుగు తెమ్మని అడగడానికి.

ఫిబ్రవరి 11, ఆదివారం

గిన్నెలు ఇంకా తోమలేదు. అయినా రాస్తాను.

బండి తయారైంది. ఈ పొద్దున్నే బయలుదేరాలనుకున్నారు. కాక బండికి పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. విమ్ వంగి ఆ నిమ్మకాయలు ఏరి, మీ వంటింట్లోంచి దొర్లాయి అని తెచ్చి నాకే ఇచ్చాడు. ఒకటి అప్పటికే కోసి చాయలో పిండుకున్నాడట. కాక మొత్తుకుంటూ మళ్లీ పెట్టాడు. కఫీల్ ఖర్జూరాలు తెచ్చాడు, యల్లా యల్లా అని అందరినీ తొందరపెట్టాడు. విమ్ ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. మా ఆయన కిటికీ పక్కన నిలబడి ఇంజను చప్పుడు వింటున్నాడు.

అన్నెకె ఎక్కలేదు. తలుపు పట్టుకుని కింద నిలబడి, అందరికీ వినబడేట్టు అడిగింది.

ఏడికి, విమ్?

మా మాటలో. మా ఊరి మాటలో. కాక చేతిలోని కొబ్బరికాయ కొట్టకుండా అట్లాగే పట్టుకున్నాడు. మా ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి తిప్పేశాడు. ఇంజను ఆగింది. అంత పెద్ద చప్పుడు ఆగితే ఎంత ఖాళీగా ఉంటుందో.

విమ్‌కు ఏమీ అర్థం కాలేదు. దిగమని మా ఆయన సైగ చేశాడు. అన్నెకె మా గదిలోకి పోయి తనే గ్లాసుతో నీళ్లు తెచ్చింది. విమ్‌ను బండి మెట్టు మీద కూర్చోబెట్టి చేతికిచ్చింది. ఆయన తాగుతుంటే, ఎదురుగా నిలబడి, వాళ్ల భాషలో మాట్లాడింది. చాలాసేపు. గొంతు పెంచలేదు. మేమంతా గోడ వైపు జరిగి, సామాన్లు సర్దుతున్నట్టు నటించాం. ఒక్క ముక్క తెలియలేదు. అంతా అర్థమైంది.

విమ్ గ్లాసు మెట్టు మీద పెట్టి, గేటు దాటి నడుచుకుంటూ పోయాడు.

ఫిబ్రవరి 13, మంగళవారం

విమ్ ఆ రోజు చీకటి పడ్డాక వచ్చాడు. మీనా సల్మాన్ ఓడరేవు దాకా నడిచి ఓడలను చూస్తూ కూర్చున్నాడట. నిన్నంతా ఇద్దరూ వ్యానులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఒకసారి ఆమె ఏడ్చింది. ఒకసారి ఆయన. ఒకసారి ఇద్దరూ నవ్వారు. ఇన్నాళ్ల మాటలు ఒకేసారి దించినట్టు.

నా వల్లనే ఇదంతా అని భయపడ్డాను. ఆ మాట నేర్పింది నేనే. మా ఆయనను అడిగితే, నువ్వు మాట నేర్పినవు, అడిగింది ఆమె అన్నాడు.

ఫిబ్రవరి 15, గురువారం

ఈ రోజు ఇద్దరూ వెళ్లిపోయారు. కలిసి కాదు.

అన్నెకె విమానంలో ఇంటికి. విమ్ బండిలో ముందుకు. వానకాలం వెలిశాక నేపాల్‌లో కలుస్తారట, బిడ్డ ఫోటోలు తెస్తానంది. పోయే ముందు ఆమె గోళ్ల రంగు సీసా తీసి, మ్యాపు మీద కువైట్ నుంచి మా దాకా గీత లాగింది. మేమున్న చోట ఒక చుక్క పెట్టింది. సీసా విమ్ చేతికిచ్చింది.

నేను కూడా ఒకటి ఇచ్చాను. విమ్ పొగాకు సంచి అడిగి తీసుకుని, ఆయన కాగితాలతోనే సిగరెట్లు చుట్టి, బీడీకట్ట కట్టినట్టు ఎర్రదారంతో కట్టి ఇచ్చాను. నోరు తెరిచి అడిగాను. మీది సగం రాలిపోతుంది అని కూడా అన్నాను. ఫోను ఏమని చెప్పిందో, విమ్ పెద్దగా నవ్వి నాకు సలాం కొట్టాడు.

కాక నేర్పాడు కాబోలు, విమ్ స్టీరింగు పట్టుకుని అన్నెకెను చూసి, పోయొస్త అన్నాడు. పోతా అనలేదు.

ఈసారి ఎవరూ ఏడికి అని అడగలేదు. కాక కొబ్బరికాయ కొట్టాడు.

వాళ్లు చెప్పుకుని విడిపోయారు. నేను ఇంకో రెండేళ్లు చెప్పకుండా విడిపోతాను. ఏది దూరం?

ఫిబ్రవరి 17

రేపు వేలిముద్ర. ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను. జేబు మీది పేరు దగ్గర పెట్టె ఆగింది. నా వేలు పెట్టి ఒక్కో అక్షరం చూశాను. ఇక్కడ అందరికీ తెలిసిన పేరు. ఊళ్లో ఈ పేరుతో ఎవరు పిలుస్తారు, పని ఎవరిస్తారు అని ఆయన భయం. ఆయన కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆ అక్షరాలు చూస్తుంటే నాకు ఈ రోజే అర్థమైంది.

ఫిబ్రవరి 18, ఉదయం ఏడు

ఆయన చెప్పులేసుకున్నాడు. గడప దాటబోతుంటే అడిగాను.

ఏడికి?

వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నన్నే చూస్తున్నాడు. నీళ్లియ్యి అంటున్నాడు.

గ్లాసు నా పక్కనే ఉంది, షెడ్డు మాట చెప్పాకే ఇస్తాను. ఇంకా ఇవ్వలేదు.