మా అత్త అని రాసిన చోట

8 జులై 2024

కోర్సు పాలసీ ఈ రోజు పూర్తయింది. పదకొండు పేజీలు. పనిచేసుకుంటూ ఆన్‌లైన్లో బీఏ చదివేవాళ్లకి రచన పేపర్ పెట్టడం మా కాలేజీలో ఇదే మొదలు. పరీక్ష లేదు, అంతా రాతే. మొదటి డ్రాఫ్టు, రెండో డ్రాఫ్టు, తుది వ్యాసం. గడువు దాటితే రోజుకి రెండు మార్కులు కోత. క్లాసులో కెమెరా ఆన్ ఉండాలి. ఇంకొకరి రాతను తనదని ఇస్తే సున్న, పేపర్ ఫెయిల్. ఆ సున్న వేసేముందు మాత్రం డ్రాఫ్టులన్నీ పోల్చి చూడాలి. చివరి పేజీ నా బాధ్యతలు: ప్రతి డ్రాఫ్టూ చదివి వారంలోపు కామెంట్ రాస్తాను.

ప్రిన్సిపాల్ గారు చదివి, శివజ్యోతి గారూ, మిగతా డిపార్ట్‌మెంట్లకి కూడా ఇదే పంపిద్దాం అన్నారు. ఆటోలో ఇంటికొచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

15 జులై

మొదటి క్లాసు. నలభై మూడు మంది. సగం కెమెరాల్లో సీలింగ్ ఫ్యాన్లే కనబడ్డాయి. రూల్ గుర్తుచేశాను.

ఒకావిడ వెనక పిల్లలు పాకుతున్నారు. రాహేలమ్మ, నలభై ఆరేళ్లు, ఓర్వకల్లు దాటాక ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. క్లాసు అయ్యాక ఆగి, టైపు చేయడం రాదు, కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టవచ్చా అని అడిగింది. పెట్టమన్నాను. డిగ్రీకి ఆమెకి మిగిలింది ఈ ఒక్క పేపరే అట. అది పాసైతే జనవరిలో సూపర్‌వైజర్ పోస్టుకి అప్లై చేయొచ్చు. ఆ తర్వాత వచ్చే నోటిఫికేషన్‌కి వయసు దాటిపోతుంది. ఇదంతా ప్రాధేయపడకుండా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

2 ఆగస్టు

మొదటి డ్రాఫ్టులు నలభై మూడూ వచ్చాయి. మా ఆయన ఈరేష్‌కి డెంగీ, హాస్పిటల్‌కీ ఇంటికీ తిరుగుతున్నాను. పన్నెండు చదివాను. మిగతావాటికి 'చూశాను' అని టిక్ పెట్టేశాను, పోర్టల్ ఎర్రగుర్తు చూపిస్తోందని. వచ్చే వారం చదువుతాను.

19 సెప్టెంబర్

తుది వ్యాసాలు దిద్దుతున్నాను. 'మా ఇంట్లో ఒక మనిషి చేసిన పని' అని టాపిక్ ఇచ్చాను. ముప్పై మంది అమ్మ వంట గురించే రాశారు.

రాహేలమ్మది మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో తెరిచాను. కరువు ఏట ఊళ్లో చర్చి కట్టడానికి ఆడవాళ్లు గుట్టమీంచి రాళ్లు మోసిన సంగతి. వాళ్లలో ఆమె అత్త విశ్వాసమ్మ కూడా ఉంది, ఏడో నెల గర్భంతో. "మా అత్త రాయి ఎత్తుకున్నప్పుడల్లా కడుపులో బిడ్డ కదిలేవాడంట. దించేదాకా ఆగు నాయనా అని చెప్పేదంట. బిడ్డ ఆగేవాడంట."

అక్కడ నాకు కళ్లల్లో నీళ్లు వచ్చేశాయి. పక్క సీటులో ఉన్న ఎకనామిక్స్ మేడమ్‌కి చదివి వినిపించాను. పాతికకి ఇరవై నాలుగు వేశాను. పదిహేనేళ్లలో ఎవరికీ వేయలేదు.

23 సెప్టెంబర్

జెస్సీ అనే స్టూడెంట్ మెయిల్ చేసింది. రాహేలమ్మ ఊరే, అక్కడి పాస్టర్ గారి అమ్మాయి. వ్యాసాలు అందరూ చదివేలా పోర్టల్‌లో పెట్టాం కదా, చదివిందట. 2013లో వాళ్ల చర్చి నలభై ఏళ్ల పండుగకి వేసిన పుస్తకంలోంచి రెండు పేజీల ఫోటోలు పంపింది. అదే రచన. పేరు మాత్రం గాబ్రియేలు, సంఘ పెద్ద. రాహేలమ్మ భర్తేనట. మూడేళ్ల కిందట కోవిడ్‌లో పోయాడు. ఆయన సమాధి కార్యక్రమంలో జెస్సీ నాన్నే దాన్ని చదివాడట, ఊరంతా ఏడ్చిందట. చనిపోయిన మనిషి రాత మీద మార్కులు తెచ్చుకోవడం తనకి బాధగా ఉందని రాసింది.

రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. పుస్తకంలో 'మా అమ్మ', వ్యాసంలో 'మా అత్త'. పుస్తకంలో 'కడుపులో నేను కదిలేవాణ్ణంట', వ్యాసంలో 'బిడ్డ కదిలేవాడంట'. మిగతాదంతా మాటకి మాట. ఎంత తెలివి! ఎర్ర పెన్నుతో ఆ మాటల చుట్టూ సున్నాలు చుట్టాను.

కాపీ అని కాదు నా కోపం. నన్ను ఏడిపించిందని.

24 సెప్టెంబర్

నోటీసు పంపాను. మూడు రోజుల్లో వివరణ.

27 సెప్టెంబర్, సాయంత్రం 4

ఇప్పుడే ఫోన్ చేసింది. అది వేరేవాళ్ల రాత కాదు మేడం, అంతకన్నా చెప్పలేను అంది. అయితే మీ ఆయన పేరు ఎందుకుంది అని అడిగాను. ఆయన రాసిందేనా అని అడిగాను. "మీకు ముందే ఇచ్చినదాంట్లో ఉండాది గదా మేడం" అంది. రెండో డ్రాఫ్టు సంగతి చెబుతోందనుకున్నాను. అది కంప్యూటర్ సెంటర్‌లో టైపు చేయించిన కాపీ, దానితో ఏమీ తేలదు. రాతపూర్వకంగా పంపండి అన్నాను. సరే మేడం అని పెట్టేసింది.

28 సెప్టెంబర్

ఏమీ పంపలేదు. సున్న వేశాను. రూల్ రూలే.

12 నవంబర్

రిజల్ట్స్. నలభై రెండు మంది పాస్.

20 జనవరి 2025

ఆడిట్ వాళ్లు పోర్టల్లోంచి అయిదుగురి డ్రాఫ్టులు ప్రింట్ తీసి ఇమ్మన్నారు, ఫెయిలైనవాళ్లు ఒకరైనా ఉండాలట. ఫెయిలైంది ఒక్కరే. రాహేలమ్మ మొదటి డ్రాఫ్టు తెరిచాను.

మొదటిసారి తెరిచాను. ఇది రాసుకోకపోతే ఈ డైరీ ఎందుకు? ఆగస్టులో టిక్ పెట్టాను, తెరవలేదు. తర్వాతి వారం కూడా చదవలేదు. ఆ తర్వాత మర్చిపోయాను. సున్న వేసిన రోజు కూడా తెరవలేదు. డ్రాఫ్టులన్నీ పోల్చి చూడాలన్న వాక్యం రాసింది నేనే.

ఆరు ఫోటోలు. పాత అంగన్‌వాడీ హాజరు రిజిస్టరు వెనక పేజీలు. పలచని కాగితం, అవతలివైపు పిల్లల పేర్లు కనబడుతున్నాయి. పైన తేదీ, 2013 ఫిబ్రవరి. ఆమె చేతిరాతే. క్లాసులో ఇచ్చిన చిన్న రాతపనులు ఆమె ఫోటో తీసి పెట్టినప్పుడు ఆ గుండ్రటి 'ర' చూశాను. ఎన్నో కొట్టివేతలు. ఒక వాక్యాన్ని నాలుగుసార్లు మార్చింది. 'మా అత్త' అని రాసి, అడ్డంగా గీత కొట్టి, పైన 'మా అమ్మ' అని దిద్దింది. 'బిడ్డ కదిలేవాడంట' కొట్టేసి 'నేను కదిలేవాణ్ణంట'. ప్రతి చోటా అంతే. రాసింది ఆమె. రాసేశాక భర్త మాటగా మార్చింది.

నేను ఎర్రగా సున్నాలు చుట్టిన మాటలు ఆమె తిరిగి తెచ్చుకున్న మాటలు.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. సూపర్‌వైజర్ పోస్టు అప్లికేషన్ల గడువు ఈ నెల పదో తారీకున అయిపోయింది.

25 జనవరి

రాహేలమ్మ ఊరు వెళ్లొచ్చాను. నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లులో దిగి, అక్కడనుంచి షేర్ ఆటో. అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకి గుడ్లు ఒలిచి పెడుతోంది. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్న కుర్చీ జరిపి, ఈడ కూర్చోండి మేడం, బస్సులో వచ్చినారా అని అడిగింది.

మొదటి డ్రాఫ్టు మొన్నటిదాకా చదవలేదని చెప్పాను. ఆమె చేతిలో గుడ్డు అలాగే ఆగిపోయింది.

"చదవలేదా?" అంది. "చదివే ఉంటారనుకుంటి మేడం. కొట్టేసినవి కనపడాలనే ఆ పాత కాయితాలు పెడితి. నోటితో చెప్పకుండా మీకొక్కరికి తెలిస్తే చాలనుకుంటి. చూసి కూడా సున్న వేసినారంటే రూలు అట్లే ఉంటాదేమోలే అనుకుంటి."

ఒక పాప గుడ్డు కావాలని ఆమె చీర లాగింది. పెట్టి, చెయ్యి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది. గాబ్రియేలుకి సంతకం తప్ప రాయడం రాదు. పుస్తకంలో సంఘ పెద్దలు తలా ఒకటి రాయాలన్నారు. ఆయన సిగ్గుపడి వారం రోజులు చర్చికి పోలేదు. అప్పుడు ఆమె రాసి ఇచ్చింది.

"పుస్తకంలో పేరు చూసుకోని శానా సంతోషపడినాడు మేడం. చదవను రాదు గదా, పేరు మీద ఏలు పెట్టి చూస్తాండె. ఊర్లో అందరూ ఏమప్పా గాబ్రియేలూ, ఎంత బాగా రాసినావని అంటాంటే నా దిక్కు చూసి నవ్వేవాడు. ఇప్పుడు నేను రాసినానని జెస్సీకి చెప్తే ఆదివారం లోపల ఊరంతా తెలుస్తాది. ఆయప్ప లేడు, ఏం చెప్పుకుంటాడు?"

మరి వ్యాసంగా అదే ఎందుకు ఇచ్చారని అడిగాను.

"ఒక్కసారన్నా మా అత్త అని రాసుకోవాలనిపించింది."

మార్కులు సరిచేయిస్తానన్నాను. ఆయన పేరు ఎత్తకుండా చేయగలిగితే చేయండి, లేకపోతే వద్దు అంది. బస్టాండుదాకా వస్తానంది కానీ పిల్లలున్నారు. వచ్చేటప్పుడు క్షమించమని అడగాలనుకున్నాను. ఒకబ్బాయి ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె లోపలికి పోయింది.

3 ఫిబ్రవరి

ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇచ్చాను. మొదటి డ్రాఫ్టు చదవకుండానే చదివినట్టు గుర్తుపెట్టాను, డ్రాఫ్టులు పోల్చకుండానే శిక్ష వేశాను, పాలసీ ప్రకారం ఆ శిక్ష చెల్లదు. నాలుగు వాక్యాలు. రాయడానికి రెండు రోజులు పట్టింది. ఈరేష్ చదివి, నాకు జ్వరమని రాయలేదేమి అన్నాడు. జ్వరం ఆగస్టులో తగ్గింది అన్నాను.

18 ఫిబ్రవరి

కమిటీ. ముగ్గురు. మరి రచన ఎవరిది అని అడిగారు. నేను డ్రాఫ్టు చదవకుండా శిక్ష వేశాను అన్నాను. అది కాదమ్మా, రాసింది ఆవిడా, ఆయనా అని మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. మూడోసారి ప్రిన్సిపాల్ గారు ఫైలు మూసి, ఇంత మంచి పాలసీ రాసి మీరేంటమ్మా ఇలా అన్నారు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేది.

6 మార్చి

సున్న రద్దు. ఇరవై నాలుగు మళ్లీ పడ్డాయి. రాహేలమ్మ పాస్. నాకు మెమో, కోర్సు ఇంకొకరికి ఇచ్చారు. న్యాయమే.

సూపర్‌వైజర్ లిస్టు పోయిన వారమే వచ్చేసింది. జిల్లా ఆఫీసుకి వెళ్లి అడిగాను. జనవరి పదో తారీకు నాటికి డిగ్రీ ఉండాలి మేడం, మేమేం చేస్తాం అన్నారు. వాళ్లకీ ఒక పాలసీ ఉంది. ఆ గుమస్తాతో వాదించబోయి, నా గొంతే నాకు వినబడి ఆగిపోయాను.

7 మార్చి

జెస్సీ మెయిల్. కొందరికి వేరే రూల్స్ ఉంటాయా మేడం అని. తప్పు చేసింది నేను, రాహేలమ్మ కాదు అని జవాబు రాశాను. నమ్మినట్టు లేదు. ఊళ్లో ఇంకా ఆమెని భర్త రాత దొంగిలించిన మనిషి అనే అనుకుంటున్నారేమో. ఆ మాట పోగొట్టే దారి ఒక్కటే ఉంది, దాన్ని ఆమె వద్దంది.

22 మార్చి

డిగ్రీ సర్టిఫికెట్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని బీరువాలో చీరల కింద పెట్టింది. టీ ఇచ్చింది. క్షమించమని ఈసారి అడిగాను. "సరేలే మేడం" అంది. క్షమించానని కాదు. సరేలే అని.

9 జులై, ఉదయం 11

రాహేలమ్మ ఫోన్. కొత్తగా ఒకటి రాసిందట, ఎవరి కోసమూ కాదట. చదవడం మొదలుపెట్టింది. అవతల పిల్లల అరుపులు, సగం వినబడలేదు. వినబడలేదని చెప్పాను. మొదటినుంచి చదివింది.