‘నిండుకున్నది’ అన్నందుకు పోయిన రిబేటు

ఎమ్మిగనూరు

ఆదోని వాణిజ్య పన్నుల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫిబ్రవరి నెల ఖాళీ రిటర్ను గడువు దాటి దాఖలైన కారణమున చేనేత రిబేటుకు మా దుకాణము అనర్హమని ఇచ్చిన నోటీసు గురించి – జాప్యమును మన్నించి అర్హత పునరుద్ధరించమని ప్రార్థన.

జతపరచినవి: సదరు నోటీసు, మునిసిపాలిటీ వారి మరణ ధ్రువీకరణ పత్రము.

ఎమ్మిగనూరులోని కన్యకమ్మ నూలు, చేనేత వస్త్రాల దుకాణపు యజమానురాలి భర్తనైన కృష్ణమూర్తి అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు దుకాణము నా భార్య కన్యకమ్మ పేరున ఉన్నది. పండుగల సీజనులో చీరలను రిబేటు ధరకు అమ్మి, నేసినవారికి పూర్తి మజూరీ మేమే ముందుగా ఇచ్చి, ఆ తేడాను ప్రభుత్వము నుండి పొందుట మాకు అలవాటు. ఆ సొమ్ముతోనే మరు దఫా నూలు కొని మగ్గాలవారికి ఇచ్చెదము. సీజనులో ఏ ఒక్క నెల రిటర్ను ఆలస్యమైనను, అది కొనుగోళ్ళు, అమ్మకాలు జరగని నెలకు వేసే ఖాళీ రిటర్నే అయినను, మొత్తము రిబేటు పోవునని నోటీసులో ఉన్నది. నిబంధనను తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు.

2. కన్యకమ్మ ఆదోనిలో పత్తి వ్యాపారము చేసే ఇంట పుట్టినది. ఆ ఇంట బియ్యపు డబ్బా అడుగంటినా, గోడౌను ఊడ్చినట్టున్నా “నిండుకున్నది” అనవలెనే తప్ప, ఆ రెండక్షరాల మాట ఎవరూ నోట పలకరు. పెళ్ళైన కొత్తలో ఒక గిరాకీతో నేను ఆ మాట అన్నాను. గిరాకీ అటు పోగానే నన్ను లోపలికి పిలిచినది.

“ఆ మాట మళ్ళా అంగట్లో అనొద్దండీ. నిండుకుంది, రేపు వస్తది అనాల. రేపైనా ఆ మనిషి మన వాకిలి తొక్కల్ల గదా!” అన్నది.

ఆనాటి నుంచి నా నాలుక ఆమె చెప్పినట్టే తిరుగుతున్నది. ఈ విషయము ఇక్కడ ఎందుకు అని తమరు అనుకోవచ్చును. రిటర్ను ఆలస్యమైనది ఈ మాట వల్లనే.

3. ఫిబ్రవరి నెలంతా ఆమె ఆసుపత్రిలో ఉన్నందున అంగడి కట్టేసి ఉన్నది. నెలాఖరున ఆమెను తెల్లగుడ్డ కప్పి ఇంటికి తెచ్చుకొన్నాము. కర్మలు ముగిసీ ముగియకమునుపే మా రిటర్నులు వేసే సుధీర్ ఫోను చేసినాడు. హైదరాబాదు హాస్టళ్ళలో చదువుకొని వచ్చిన పిల్లవాడు.

“అంకుల్, ఫిబ్రవరిలో కొన్న సరుకు ఏమైనా ఉందా?”

“నిండుకుంది నాయనా.”

“ఓకే అంకుల్.”

అరల నిండా సరుకు ఉన్నదని అతను అర్థము చేసుకొన్నాడు. సరుకు ఉంటే కొనుగోలు బిల్లులు ఉండవలెను గదా అని, దుఃఖములో ఉన్న మనిషిని తొందరపెట్టడం బాగుండదని, నేను బిల్లులు పంపేదాకా ఆగినాడు. అతను దాఖలు చేసే ఉంటాడని నేను అనుకొన్నాను. గడువు అట్లా దాటిపోయినది. తరువాత నెత్తి కొట్టుకొన్నాడు. “ఏమీ లేదు అని ఒక్క మాట అనుంటే ఒక్క మెసేజితో అయిపోయేది కదా అంకుల్!” పిల్లవాడి మీద నాకు కోపము రావడం అటుంచి, జాలి వేసినది.

4. దుకాణము ఆమె పేరున ఉన్నందున తమ శాఖ మెసేజీలన్నీ ఆమె ఫోనుకే వచ్చుచున్నవి. ఆ ఫోనును రీచార్జి చేయించి గల్లాపెట్టెలో ఉంచినాను. అది బుర్రుమన్నప్పుడు పెట్టెలోని చిల్లర గలగలమంటుంది. “వస్తున్నా” అని నేను లోపలి గది వైపు చూస్తాను. మీరు రిటర్ను దాఖలు చేయాలి, మీరు ఆలస్యం చేస్తున్నారు అని ఉంటుంది అందులో. బంధువులందరూ ఆ నెంబరుకు ఫోను చేయడం మానుకొన్నారు. ఆమెను ఇంకా ‘మీరు’ అని పలకరిస్తున్నది తమ శాఖ ఒక్కటే. నాకు భయంగానూ ఉంటుంది, ప్రాణానికి హాయిగానూ ఉంటుంది. దీనిని ఫిర్యాదు కింద రాయవలెనో కృతజ్ఞత కింద రాయవలెనో తెలియకున్నది.

మరొకటి కూడా ఉన్నది. ఎవరైనా వచ్చి ఫలానా రంగు నూలు ఉందా అని అడిగితే, నేను నోరు తెరవకముందే లోపలి నుంచి ఆమె జవాబు వినబడుతుంది. నేను దాన్నే మళ్ళీ పైకి అంటాను. ఇది పన్నుల వ్యవహారము కాదని ఎరుగుదును.

5. నందవరం వైపు పల్లె నుండి లక్ష్మక్క అను నేతగత్తె మాకు ఏళ్ళ తరబడి చీరలు నేసి ఇస్తున్నది. కూతురి కాన్పుకు బెంగళూరు పోయి, పోయిన నెల తిరిగి వచ్చినది. ఆమెకు సంగతి తెలియదు. సరాసరి అంగడికి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తూ అడిగినది.

“అక్క ల్యాదా అన్నా?”

“నిండుకుంది లక్ష్మక్కా. రేపు వస్తది.”

“నూలు గాదన్నా నేనడిగింది. అక్క యాడికి పోయింది?”

“రేపు వస్తది” అన్నాను.

అయ్యా, నేను అబద్ధమాడవలెనని అనలేదనుటకు కూడా నాకు నోరు రాకున్నది. ఆ మాట దానంతట అది వచ్చినది. లక్ష్మక్క మరునాడు మల్లెపూలు తీసుకొని వచ్చి, అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నది. ఆమె చూస్తుండగానే నేను ఇద్దరికి టవళ్ళు అమ్మినాను. చివరకు పక్కన మిషను కుట్టే మల్లేశ్వరి ఆమెను చాటుకు పిలిచి చెప్పినది. లక్ష్మక్క వచ్చి పూలు గల్లాపెట్టె మీద పెట్టినది.

“సచ్చిపోయిందని నిన్ననే సెప్పుంటే నిన్ననే ఏడ్సుకుంటా పోయుందును గదన్నా. రేపంటివి, రేపు వస్తి. ఎంత పని సేస్తివి!”

ఆమె మగ్గము మీద ఇప్పుడు పడుగు పోగు కూడా నిండుకున్నది. రిబేటు వస్తేనే ఆమెకు నూలు. రాకుంటే ఆమె మళ్ళీ బెంగళూరు పోయి ఇళ్ళలో పని చూసుకొంటానంటున్నది.

6. జాప్యము మన్నించమని అడుగుటకు తమ కార్యాలయానికి రెండుమార్లు వచ్చినాను. అక్కడి గుమస్తా ఉమారాణమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టినది.

“మునిసిపాలిటీ కాగితం ఉంది సరే సార్. వారసునిగా మీ మాటగా ఒక్క లైను రాయాల. యజమానురాలు లేదు అని. అది లేకుంటే ఫైలు పైకి పంపేకి కాదు” అన్నది.

కలము కూడా ఆమే ఇచ్చినది. రెండుసార్లూ కలము తిరిగి ఇచ్చేసి ఎమ్మిగనూరు బస్సెక్కినాను.

కావున నా నాలుక చేసిన తప్పుకు మగ్గము మీది మనిషి నష్టపోకుండునట్లు, జాప్యమును మన్నించి రిబేటు అర్హత ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను. ఇకమీదట మెసేజీలు నా నెంబరుకు పంపవచ్చును. తొందర ఏమీ పడవద్దు.

ఇదంతయు తమరు తీరికగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కృష్ణమూర్తి

తా.క.: ఉమారాణమ్మ చెప్పిన వాక్యము కోసం పైన చోటు విడిచిపెట్టుకొంటూ వచ్చి, రాయకుండానే సంతకము చేసినాను. లక్ష్మక్క అరుగు మీద కూర్చొని ఉన్నది. “రాసినావా అన్నా?” అని అడుగుతున్నది. “రేపు” అనబోయి నోరు మూసుకొన్నాను. రాస్తున్నాను, నమోదు చేసుకోండి.

కన్యకమ్మ లేదు. రేపు కూడా రాదు.