పేటంతా చెవుడే

పింఛన్ల విభాగం సెక్షన్ ఆఫీసరు గురునాథరావు గారికి,

విశాఖ సముద్రపొడ్డు పేట నుంచి మాజీ నావికుడు సూరన్న నమస్కరించి రాస్తున్నది. యుద్ధనౌక మీద ఫిరంగుల దగ్గర నా ఉద్యోగం. పేల్చిన గుండ్లు ఎక్కడ తగిలాయో తెలియదు గానీ నా చెవులకు మాత్రం తగిలాయి. పనికిరానని ఇంటికి పంపేశారు. తమ్ముడు దుర్గారావు పడవ ఎక్కాను. మొన్న వల లాగుతుంటే "తాడొగ్గెయ్ అన్నా!" అని వాడు అరిచిన అరుపు వినపడక, తాడు వదలకుండా దాంతోపాటు నేనూ నీళ్ళలో పడ్డాను. ఇక పడవ ఎక్కనివ్వనని ఖరాఖండిగా చెప్పేశాడు. దయచేసి వైకల్య పింఛను ఇప్పించండి.

ఇట్లు,
మీ విధేయుడు సూరన్న

తా.క.: ఫోన్ చెయ్యకండి. ఎందుకో పైనే రాశాను.

*

శ్రీ సూరన్నకు,

మీ దరఖాస్తు పరిశీలించాం. మీరు మత్స్యకార కుటుంబంలో పుట్టి, అలల హోరు వింటూ పెరిగారు. కాబట్టి మీ చెవుడు సముద్రం వల్ల వచ్చిందే తప్ప ఉద్యోగం వల్ల వచ్చింది కాదు. పింఛను తిరస్కరించడమైనది. ఈ సంగతి ముందే ఫోన్‌లో చెప్పాం. మీరు సరిగా సమాధానం ఇవ్వలేదు.

గురునాథరావు,
సెక్షన్ ఆఫీసరు

తా.క.: యుద్ధనౌక కూడా సముద్రంలోనే తిరుగుతుంది కదా అని మీరు వాదించవచ్చు. ఆ సముద్రం వేరు, మీ సముద్రం వేరు.

*

అయ్యా గురునాథరావు గారూ,

మీ ఉత్తరం చూసి మా ఆవిడ ఈశ్వరి, "ఏటీ, అలలకి సెవుడొత్తాదా? మరి మీ అమ్మకెందుకు రానేదు?" అని నా చెవిలో అరిచింది. న్యాయమైన ప్రశ్న. మా అమ్మ గంగాలమ్మ పండు ముసలిది. పక్క వీధిలో ఎవరైనా తన గురించి గుసగుసలాడితే ఇక్కడి నుంచే జవాబు చెబుతుంది.

పింఛను ఇవ్వనంటే ఒక బాధ. నా చెవుడు ఇంటి నుంచి మూటగట్టుకుని వెళ్ళానంటే ఇంకో బాధ. రెండోదే ఎక్కువ మండుతోంది. నమ్మకం లేకపోతే మనిషిని పంపండి. పేటలో నేను కాక ఇంకో చెవిటివాణ్ణి చూపిస్తే నా దరఖాస్తు నేనే చించేస్తాను. గాజువాక లాయరు రోజలిన్ గారి ద్వారా ట్రిబ్యునల్లో కేసు కూడా వేశాను.

మండుతున్న,
సూరన్న

తా.క.: లాయరు గారు "గెలుస్తాం" అన్నారో, "చూస్తాం" అన్నారో సరిగా వినపడలేదు.

*

శ్రీ సూరన్నకు,

మీరు కోరినట్టే మా ఇన్‌స్పెక్టరు నాగబాబు పేటకు వచ్చి విచారించారు. పేటంతా చెవుడే అని తేలింది. ఏ ఇంట్లో అడిగినా ఒక్కరూ పలకలేదు. మీ తమ్ముడు సైగలు చేశాడు. మీ తల్లి, "నాకేటీ ఇనబడదు బాబూ, సంతకం ఎక్కడెట్టాల?" అన్నారు.

తిరిగి వస్తూ ఇన్‌స్పెక్టరు, చేపలు కంపు కొడుతున్నాయని తనలో తాను గొణుక్కుంటే, మీ తల్లి వీధి చివర నుంచి "ఎవుడ్రా నా సేపలు కంపన్నోడు?" అని తరుముకొచ్చిన మాట వాస్తవమే. కోపం వల్ల తాత్కాలికంగా వినికిడి వచ్చినట్టు నమోదు చేశాం. ఈ నివేదికనే ట్రిబ్యునల్‌కు సమర్పిస్తున్నాం.

గురునాథరావు,
సెక్షన్ ఆఫీసరు

తా.క.: దరఖాస్తు చించేస్తానన్నారు. చించిన ముక్కలు మూడు ప్రతులలో పంపగలరు.

*

అయ్యా,

కొంప ముంచారు! మీరు కాదు, మావాళ్ళు. చెవుడుంటే పింఛనిస్తున్నారని కుళాయి దగ్గర ఎవరో అన్నారట. మీ మనిషి ఆటో దిగేసరికి పేటంతా చెవులు పోగొట్టుకుని కూర్చుంది. దుర్గారావుని నిలదీస్తే, "నీకు సాయం సేద్దారనుకున్నాం అన్నా. పనిలో పనిగా మాకూ వత్తే సెడ్డా?" అన్నాడు. దయచేసి ఆ నివేదిక వెనక్కి తీసుకోండి.

తల పట్టుకున్న,
సూరన్న

తా.క.: మీ ఇన్‌స్పెక్టరు పేట దాటగానే అందరికీ చెవులు బాగైపోయాయి. ఆయన హస్తవాసి మంచిది.

*

శ్రీ సూరన్నకు,

విచారంతో తెలియజేయునది: మీరు కేసు గెలిచారు. "ఆ పేటలో పుట్టినవారంతా చెవిటివాళ్ళే అయితే, ఇతని చెవులు బాగున్నాయని నౌకాదళంలో ఎలా చేర్చుకున్నారు?" అని న్యాయమూర్తి అడిగారు. మా లాయరు ఆ ప్రశ్న వినపడనట్టే నిలబడ్డారు. మీ చెవుడు సముద్రం వల్ల వచ్చింది కాదని తీర్పు ఇచ్చారు. పింఛను మంజూరు చేశాం.

అయితే మా నివేదికలు వెనక్కి తీసుకునే ఆచారం లేదు. దాని ప్రతి పడవల అనుమతుల విభాగానికి చేరింది. సముద్రపు చెవుడు ఉన్నవారు వేటకు వెళ్ళడం ప్రమాదకరమని వారు పేటలో అందరి అనుమతులూ నిలిపివేశారు. మీకు సముద్రపు చెవుడు లేదని తీర్పే చెబుతోంది. కనుక పడవ నడిపే అర్హత మీ ఒక్కరికే ఉంది. ఇకపై ఏ పడవ బయలుదేరినా అందులో మీరు ఉండాలి.

గురునాథరావు,
సెక్షన్ ఆఫీసరు

తా.క.: మిగతావారు తమకు చెవులు వినపడతాయని ఆధారాలతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఫోన్ ద్వారా దరఖాస్తులు స్వీకరించబడవు.

*

గురునాథరావు గారికి,

పింఛను అందింది. దానికంటే, ఆ చెవుడు దేశం పనిలో వచ్చిందని పెద్దలు కాగితం మీద ఒప్పుకున్నందుకు ఈశ్వరి ముందు కాస్త కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఆవిడ "సాల్లే" అంది. పెదవులు చూసి తెలుసుకున్నాను.

మీ ఉత్తరం చదివి వినిపించగానే పేటంతా మా వాకిట్లో వాలింది. ప్రతి పడవవాడూ నన్ను తన పడవ ఎక్కమంటున్నాడు. ముందుగా నా చెయ్యి పట్టుకున్నది దుర్గారావే. "నువ్వెక్కితే గానీ పడవ కదలదన్నా, రా" అని నన్ను భుజాల మీద మోసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఇప్పుడు చుక్కాని దగ్గర ఉన్నాను. పడవలో చెవులున్నవాళ్ళంతా మీ లెక్కలో చెవిటివాళ్ళు. నడుపుతున్నవాడొక్కడే నిజంగా చెవిటివాడు. మీ ప్రమాద నివారణ పద్ధతి అద్భుతంగా ఉంది.

ఇట్లు,
పేటలో చెవులున్న ఏకైక మనిషి,
సూరన్న

తా.క.: వెనక నుంచి అందరూ ఏదో గట్టిగా అరుస్తున్నారు. ఎదురుగా పెద్ద ఓడ వస్తున్నట్టుంది. ఉంటాను.