వెండి కట్టు కళ్ళద్దాలు

మీ కళ్ళద్దాలు నేనే తీసుకుపోతున్నాను. ఎవరో ఎత్తుకుపోయారని ఊరంతా వెతకకండి. గంజి ఉట్టిలో ఉంది. దూడను కట్టెయ్యండి. ఈ పూట ప్రార్థనలో సత్యవేదం చదవకుండా, నోటికి వచ్చిన కీర్తనతో గడిపెయ్యండి.

అద్దాలమ్మే సాయిబు మధ్యాహ్నం దాకానే ఉదయగిరిలో ఉంటాడట, ఆపైన ఆత్మకూరు వెళ్ళిపోతాడు. ఆలోపు అతణ్ణి పట్టుకుని, వెండి కట్టు వెనక్కి ఇచ్చేసి, ఈ అద్దాలనే ఇనుప కట్టులో పెట్టించుకుని వస్తాను. ఇనుపది రూపాయిన్నర, మీరు తెచ్చిన వెండిది నాలుగు రూపాయలు. మిగిలే డబ్బుతో విత్తనాల జొన్నలు కొంటాను. ధాత ఏటి కరువులో మనం విత్తనాలు కూడా వండుకు తిన్నాం. ఇన్నాళ్ళకు వాన పడింది. ఈ పదును ఆరిపోతే మళ్ళీ ఏడాదంతా పస్తులే.

నిన్న మీరు, "పదిమంది ముందర నిలబడి వేదం చదివేవాణ్ణి, ఇనప కట్టు పెట్టుకోమంటావా?" అని అరిచారు. "చూపు అద్దంలో ఉండాదా, వెండిలో ఉండాదా?" అని నేనూ అరిచాను. అత్త విని ఏడ్చింది. సాయిబు వెనక్కి తీసుకోనంటే కాళ్ళయినా పట్టుకుంటాను గాని, వట్టి చేతులతో రాను.

రెబెక

ఈ చీటీ మన బిడ్డ లిదియ చేత చదివించుకుంటారని తెలుసు. అడుగున ఉన్న మాట మాత్రం మీ కంటికి ఆనేటట్టు పెద్ద అక్షరాలతో రాశాను, అది మీరే చదువుకోండి.

వెండి కట్టులో మీరు చాలా బాగున్నారు. నిన్న ఆ మాట పైకి అని ఉంటే, ఇవాళ ఆ కట్టును తీసుకుపోవడానికి నాకు చేతులు వచ్చేవి కావు.